అమ్ముకున్న ఆటలు

ఈ ఏటి సంచికకు ఏదైనా వ్యాసం రాసివ్వమని మన విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, "వీడియో గేముల మీద రాస్తాను" అన్నాను. అతను నవ్వేశాడు. పక్కనున్న మిత్రుడొకడు, "నిరుద్యోగం మీద రాయి, వరకట్నం మీద రాయి, లేదంటే రాకెట్ల మీద రాయి. సైన్సు చదివేవాడివి, పిల్లకాయల ఆటల మీద రాయడానికేముంది?" అని మందలించాడు కూడా. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. ఇందులో నేను చేసిన ఒక పొరపాటు వుంది, దాన్ని దిద్దుకోవడానికి రెండేళ్ళుగా పడుతున్న పాట్లు వున్నాయి, వాటిమీద కలిగిన కొన్ని అభిప్రాయాలు వున్నాయి. పొరపాటు నాది. అభిప్రాయాలతో ఎవరైనా విభేదించవచ్చు.

మాది పల్నాడులో మిర్చీ, పత్తీ వేసే కుటుంబం. మా అన్నయ్య పదో తరగతితో చదువు ఆపి ట్రాక్టరెక్కాడు. 2014లో హైదరాబాదులో వుండే మా మామయ్య కొత్త మిషను కొనుక్కుని, తన పాత ప్లేస్టేషన్ 2 అమ్మేస్తానన్నాడు. అన్నయ్య ఊళ్ళో దుక్కులు దున్ని సంపాదించిన బాడుగ డబ్బుల్లోంచి 1,500 రూపాయలు పెట్టి దాన్ని ఇంటికి తెచ్చాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. 2000 మార్చిలో జపానులో అమ్మకానికి వచ్చిన ఆ మిషను ప్రపంచం మొత్తం మీద 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దాని తయారీ ఆపేస్తున్నట్టు 2013 జనవరిలోనే ప్రకటించారు. అంటే మా ఇంటికి వచ్చేటప్పటికే అది ముసలిదన్నమాట. మాకు మాత్రం కొత్త పెళ్ళికూతురే.

బిళ్ళలు, అంటే డిస్కులు, ఒక్కొక్కటే చేరాయి. మిర్చి టిక్కీలతో లారీ గుంటూరు యార్డుకు వెళ్ళినప్పుడల్లా అన్నయ్య వెంట వెళ్ళేవాడు. కాటా అయి, డబ్బు చేతికి వచ్చాక, ఇంటికి కావలసినవన్నీ కొని, చివరికి ఒక పాత బిళ్ళ కొని జేబులో పెట్టుకుని వచ్చేవాడు. ధర బాగుంటే రెండు. ధర లేకపోతే ఆ లోడుకు బిళ్ళ లేదు. మామయ్య మిషను కాపీ బిళ్ళల్ని చదివేది కాదు కనుక అన్నీ అసలువే కొనాల్సివచ్చేది. అలా తొమ్మిదేళ్ళలో 31 అయ్యాయి. మా అరలో బిళ్ళలు చూసి ఏ ఏడు మిర్చికి ధర పలికిందో చెప్పెయ్యవచ్చు.

అందులో క్రికెట్ 07 వుండేది. ఇంగ్లండు, ఆస్ట్రేలియా జట్లకు తప్ప మిగిలినవాళ్ళకు అసలు పేర్లుండవు. మన ఆటగాళ్ళు మారుపేర్లతో దిగుతారు. అయినా వీధి వీధంతా మా ఇంటి డబ్బా టీవీ ముందు కూర్చుని ఆ మారుపేర్ల భారత జట్టునే గెలిపించేవాళ్ళం. టెక్కెన్ 5 వుండేది. అన్నయ్యకు మాత్రం గ్రాన్ టురిస్మో 4 ప్రాణం. ఏడు వందల దాకా కార్లున్న ఆట అది. మొదట చేతికి 10,000 క్రెడిట్లు ఇస్తారు. దాంతో సెకండ్ హ్యాండు బండి ఒకటి కొనుక్కుని, పందాలు గెలిచి, ఆ డబ్బుతో ఇంకో బండి కొని, ఒక్కొక్కటే గ్యారేజీలో చేర్చుకోవాలి. పగలంతా ట్రాక్టరు తోలినవాడు రాత్రి తొమ్మిదింటికి స్నానం చేసి వచ్చి, అరగంటసేపు కార్లు తోలి పడుకునేవాడు. అలా నాలుగేళ్ళు కూర్చిన గ్యారేజీ 8 మెగాబైట్ల మెమరీ కార్డులో, అగ్గిపెట్టె కంటే చిన్న వస్తువులో వుండేది.

2023 జూన్‌లో, డిగ్రీలో చేరడానికి ముందు, నేను అదంతా అమ్మేశాను.

ఎందుకమ్మానంటే చెప్పుకోవడానికి సిగ్గుగానే వుంది. ఫీజుకు కాదు, పుస్తకాలకూ కాదు. మంచి ఫోను కొందామంటే 2,500 రూపాయలు తక్కువయ్యాయి. దానికి తోడు, యూనివర్సిటీ కాలేజీకి పోతున్నాను, ఇంకా ఈ పిల్ల ఆటలేమిటన్న గొప్ప ఒకటి. "ఇప్పుడన్నీ ఫోన్లోనే వస్తున్నాయి కదా, ఈ చెత్తంతా ఎందుకు?" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంట్లో మాత్రం హాస్టలుకు తీసుకుపోతున్నానని చెప్పి, మిషనూ బిళ్ళలూ కార్డూ ఒక బియ్యపు సంచిలో వేసుకుని టౌనులో ఒక షాపులో ఇచ్చేశాను. ఆ షాపాయన సంచి ఎత్తి బరువు చూసి, ఒక్క బిళ్ళైనా తెరవకుండా, "మొత్తానికి రెండున్నర వేలు" అన్నాడు. నేను సరేనన్నాను. మిర్చి అమ్ముకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, బేరం కూడా ఆడలేదు!

ఆ తర్వాత సంక్రాంతికి, అంటే 2024 జనవరిలో, ఊరెళ్ళాను. అన్నయ్య నా సంచి అందుకుంటూ, "మిషను తెచ్చావా చిన్నోడా? పండక్కి రెండు రేసులాడదాం" అన్నాడు. రూములో వుందన్నాను. భోజనాల దగ్గర మళ్ళీ అడిగాడు. అప్పుడు నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఎంతకిచ్చావు?" అన్నాడు. చెప్పాను. "సరేలే" అని చెయ్యి కడుక్కుని, మోటారు కట్టెయ్యాలంటూ పొలం వెళ్ళిపోయాడు. అప్పుడు కరెంటు లేదు. మోటారు ఆడుతూ వుండే అవకాశమే లేదు.

సెలవులు అయిన మర్నాడే షాపుకు పోయాను. మిషను ఎవరో పట్టుకుపోయారట. బిళ్ళలు విడివిడిగా పోయాయట. "మరి కార్డు?" అన్నాను. "అది ఫార్మాట్ కొట్టి ఇచ్చేశాం, బాబూ. పాతవి వుంటే కొనేవాళ్ళకు చోటుండదు కదా!" అన్నాడాయన. ఆయన తప్పేమీ లేదు. అమ్మిన వస్తువు మీద అమ్మినవాడికి హక్కు లేదు.

అప్పట్నించీ తిరిగి కూర్చడం మొదలుపెట్టాను. సాయంత్రాలు పదో తరగతి పిల్లలిద్దరికి లెక్కలు చెప్పి, ఆ వచ్చిందాంట్లోంచి నెలకు కొంత తీసి పెట్టాను. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని మా నాన్న యార్డు నుంచి వచ్చినప్పుడల్లా అనేవాడు. ఆ సామెత మిర్చికే అనుకున్నాను ఇన్నాళ్ళూ. సంచి మొత్తం 2,500కు పోయింది కదా, మిషను ఒక్కటే తిరిగి కొనడానికి 4,500 అయింది. ఒక్కో బిళ్ళ 300 నుంచి 1,200 దాకా పలికింది. హైదరాబాదులో మామయ్య ఇంటికి వెళ్ళినప్పుడల్లా సికిందరాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టూ తిరిగాను. ఆ కంప్యూటర్ల అంగళ్ళలో "పి.ఎస్. టూనా? అదెప్పటి మాట!" అన్నవాళ్ళే ఎక్కువ. ఇప్పటికి 31లో 19 దొరికాయి. ఖర్చు చెబితే మా అమ్మ ఈ సంచిక చదివినప్పుడు బాధపడుతుంది, అందుకని చెప్పను.

ఈ తిరుగుడులో నేర్చుకున్న నాలుగు ముక్కలు చెబుతాను. పాత ఆటలు కొనదలచినవాళ్ళకు పనికివస్తాయి, సైన్సు విద్యార్థులకు సరదాగానూ వుంటాయి.

మొదటిది: ప్లేస్టేషన్ 2 బిళ్ళల్లో రెండు రకాలున్నాయి. అడుగు నీలంగా వుండేవి సి.డి.లు, వెండి రంగుగా వుండేవి డి.వి.డి.లు. సి.డి.ని చదివే లేజరు తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డి.వి.డి.కి 650. అడుగున పడ్డ గీత చూసి అందరూ భయపడతారు గానీ, సి.డి.లో సమాచారం వుండే పొర పైభాగాన, బొమ్మ అచ్చువేసిన వైపుకే దగ్గరగా వుంటుంది. కనుక బొమ్మ మీద పడ్డ గీతే ఎక్కువ ప్రమాదం. డి.వి.డి.లో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య వుంటుంది. బిళ్ళను దీపానికెదురుగా పెట్టి చూడాలి. సూదిమొనంత వెలుతురు చుక్కలు కనిపిస్తే లోపలి అల్యూమినియం పూత చెడిందన్నమాట. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు.

రెండోది: బిళ్ళను గుండ్రంగా తుడవకూడదు. నడిమి నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. సమాచారం వరస చుట్టూ తిరిగి వుంటుంది కనుక, దానితోపాటే సాగే గీత వరసలో చాలా భాగాన్ని ఒక్కసారే మింగేస్తుంది. అడ్డంగా పడ్డ గీత ఒక్కోచోట కొంచెమే తింటుంది. ఆ కొంచెాన్ని మిషను లెక్కకట్టి పూడ్చుకోగలదు.

మూడోది: అమెరికా బిళ్ళ యూరపు మిషన్లో తిరగదు, యూరపుది జపాను మిషన్లో తిరగదు. అమెరికా నుంచి వచ్చిన మా దూరపు బంధువు ప్రేమగా తెచ్చిచ్చిన బిళ్ళ ఒకటి అలాగే నా దగ్గర అందమైన అట్టపెట్టెగా మిగిలింది.

నాలుగోది: ఆట కంటే ముందు చెడేది దాని చుట్టూ వుండే సరంజామా. లేజరు కళ్ళు మందగిస్తాయి. బొమ్మకూ మాటకూ పెట్టే పసుపు, ఎరుపు, తెలుపు ప్లగ్గులకు కొత్త టీవీల్లో చాలావాటికి చోటే లేదు. జేబులో పట్టే గేమ్ బాయ్ కార్ట్రిడ్జీల్లోనైతే చాలావాటికి లోపల చిన్న బొత్తాం బ్యాటరీ వుంటుంది. అది అయిపోయిందంటే మనం దాచుకున్న ఆటంతా పోతుంది. అందుకని మిషను కొనేవాళ్ళు పాత డబ్బా టీవీని కాటాకు వెయ్యకండి.

ఇక అసలు అభిప్రాయానికి వస్తాను.

కొనడం మొదలుపెట్టిన ఆర్నెల్లకు నాకొక రోగం పట్టుకుంది. మా ఇంట్లో ఎన్నడూ లేని బిళ్ళలు కూడా, "అరుదైనది" అని ఎవరో అన్నారని, కొనడం మొదలుపెట్టాను. వున్నదే రెండోసారీ కొన్నాను, దాని పెట్టె ఇంకొంచెం కొత్తగా వుందని. ఆడటం మానేసి ధరలు చూడటం అలవాటయింది. 2021 జూలైలో అమెరికాలో సీలు తియ్యని సూపర్ మారియో 64 కార్ట్రిడ్జి ఒకటి వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లకు పోయింది. ఆ వార్త చదివి, నా 19 బిళ్ళలూ ఎప్పటికో బంగారమవుతాయని కలలుగన్న రోజులున్నాయి. సీలు తియ్యకపోతేనే విలువట. అంటే ఎవరూ ఆడకపోతేనే దానికి ధర! మా ప్రాంతంలో ధర లేనప్పుడు మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెడతారు. కానీ ఎంత కాలం దాచినా చివరికి ఎవరో ఒకరి కూరలో పడటానికే దాచేది. కూరలో ఎన్నటికీ పడని మిర్చికి ధర కట్టడం మా నాన్నకు చెబితే నవ్వుతాడు. తిరిగి కూర్చుకోవడం వేరు, పోగుచెయ్యడం వేరు. మొదటిదానికి ఒక జాబితా వుంటుంది, అది పూర్తికాగానే ఆగిపోవచ్చు. రెండోదానికి ఆగే చోటు లేదు. ఆ సంగతి తెలిశాక నోటు పుస్తకంలో 31 పేర్లు రాసుకుని, వాటి బయట ఒక్కటి కూడా కొనకూడదని నియమం పెట్టుకున్నాను.

"ఇంత కష్టం ఎందుకు? డౌన్‌లోడ్ చేసుకుంటే పోలా?" అని మా హాస్టలు మిత్రులు అడుగుతారు. నేనూ ఒకప్పుడు ఆ మాట చెప్పుకునే అమ్మాను కనుక దానికి జవాబు చెప్పాలి.

2023 మార్చి 27న నింటెండో తన 3డి.ఎస్., వీ యు మిషన్ల ఆన్‌లైన్ దుకాణాన్ని మూసేసింది. 2024 జూలై 29న ఎక్స్‌బాక్స్ 360 దుకాణం మూతపడింది. ఆ పైన అక్కడ ఆ ఆటలు కొత్తగా కొనడానికి లేదు. 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ల ఆటను నడిపే సర్వర్లను 2024 మార్చి 31న ఆపేశారు. డబ్బుపెట్టి బిళ్ళ కొన్నవాళ్ళ ఇంట్లో బిళ్ళ వుంది, ఆట లేదు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం చేసింది. 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటల్లో నూటికి 87 ఇప్పుడు అంగట్లో దొరకవని తేల్చింది. చివరికి కాలిఫోర్నియా రాష్ట్రంలో 2024లో చట్టం తెచ్చారు. ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల డిజిటల్ సరుకును అమ్మేవాళ్ళు, మీకు దక్కేది సొంతం కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనని కొనేవాళ్ళకు స్పష్టంగా చెప్పాలి. అది 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

రైతు బిడ్డకు ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. మా తాత పండిన పంటలో మంచి కాయలు ఏరి, విత్తనం తీసి, బూడిద కలిపి కుండలో దాచేవాడట. మళ్ళీ ఏడు అదే విత్తనం. పక్కింటివాడికి లేకపోతే ఒక దోసెడు ఇచ్చేవాడు. ఇప్పుడు ఏటా హైబ్రిడ్ విత్తనం ప్యాకెట్టు కొనాలి. దాని పంటలోంచి తీసి మళ్ళీ విత్తితే రెండో తరంలో గుణాలు చీలిపోతాయి. మెండెల్ పాఠంలో మనం చదివేదే. హైబ్రిడ్ చెడ్డదనడం లేదు. దిగుబడి దానిదే. కానీ ఏటికేడు ఇంకొకరి అంగటి ముందు నిలబడాలన్నది మాత్రం నిజం. 2001లో మన దేశం చేసిన చట్టంలో, తాను పండించిన విత్తనాన్ని రైతు దాచుకోవచ్చనీ, మళ్ళీ విత్తవచ్చనీ, పంచుకోవచ్చనీ, అమ్ముకోవచ్చనీ రాసుకున్నారు. బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మకూడదన్నారు. దాచుకోవడం, పంచుకోవడం హక్కులని విత్తనం విషయంలో మన పెద్దలు గుర్తించారు. బిళ్ళ కూడా అలాంటిదే. దాన్ని నేను దాచుకోగలను, మిత్రుడికి వారం రోజులు ఎరువివ్వగలను, అవసరమొస్తే అమ్ముకోగలను. నేను అమ్మి చెడ్డానంటే, అమ్మగలిగిన వస్తువు నా చేతిలో వుంది కాబట్టే కదా! డౌన్‌లోడ్ ఆటను పొరపాటున కూడా అమ్మలేం. అది సుగుణం కాదు, మనకు దాని మీద హక్కు లేదనడానికి గుర్తు.

ఇంకో సంగతి. హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆట 2009లో ప్లేస్టేషన్ 2 కోసం వచ్చింది. దాన్ని తయారుచేసింది హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్. అదే ఏడు వచ్చిన దేశీ అడ్డా అనే ఆటను కూడా హైదరాబాదు సంస్థే, గేమ్‌శాస్త్ర, తయారుచేసింది. అందులో కబడ్డీ వుంది, మన కర్రాబిళ్ళ వుంది, గాలిపటాలున్నాయి. ఈ రెండూ మా 31లో వుండేవి. హనుమాన్ తిరిగి దొరికింది, దేశీ అడ్డా ఇంకా దొరకలేదు. ఇవి గొప్ప ఆటలని నేను అనను. హనుమాన్ ఆడి మా వీధి పిల్లలు అరగంటలో క్రికెట్‌కు మళ్ళేవాళ్ళు. అయినా మనవాళ్ళు ఆ మిషను కోసం కూర్చుని చేసిన తొలి పనులవి. తెలుగులో తొలి పత్రికలు, తొలి సినిమాలు దాచుకోక పోగొట్టుకున్నామని పెద్దవాళ్ళు వగచడం వింటూనే వున్నాం. 1954లో చేసిన చట్టం ప్రకారం మన దేశంలో పుస్తకం అచ్చయితే ఒక ప్రతి కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మరో మూడు గ్రంథాలయాలకూ పంపాలి. తర్వాత పత్రికలను కూడా చేర్చారు. వీడియో గేముల మాట అందులో లేదు. మరి వీటిని ఎవరు దాచాలి? ప్రస్తుతానికి నాబోటివాళ్ళ ట్రంకు పెట్టెలే గతి. ఆ ట్రంకు పెట్టె వున్నవాడు ఫోను కోసం దాన్ని బియ్యపు సంచిలో వేసి అమ్మేస్తాడు. అదీ పరిస్థితి.

"తిండికి లేనివాళ్ళున్న దేశంలో ఆటబిళ్ళలు దాచడం విలాసం కాదా?" అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. నా జవాబు ఒక్కటే. మా ఇంట్లో అది విలాసం కాదు. పొద్దున్నించీ ఇంకొకరి చేను దున్నిన మనిషికి రాత్రి అరగంట అది. డబ్బున్నవాళ్ళకు కొత్త మిషన్లు ఎప్పటికప్పుడు వస్తూనే వుంటాయి. పాతది పనిచెయ్యాల్సిన అవసరం లేనివాళ్ళకే ఎక్కువ. ఇక చదువు పాడవుతుందంటారా, క్యారమ్స్ ఆడినా పాడవుతుంది, సినిమాలు చూసినా పాడవుతుంది. మితం మన చేతిలో వుంది.

అమ్మడం తప్పని కూడా నేను అనడం లేదు. అవసరం వస్తే ఎద్దుల్నే అమ్ముతారు, పొలమే అమ్ముతారు. నా తప్పు ఎక్కడుందో ఆలోచించగా ఆలోచించగా ఇలా తేలింది. బిళ్ళలు తిరిగి కొనగలిగినవి. 1,200 అయినా, 12 నెలలు పట్టినా, అదే ఆట మళ్ళీ వస్తుంది. కార్డులోని గ్యారేజీ తిరిగి కొనలేనిది. అది అంగట్లో ఏ ధరకూ లేదు. అన్నిటికంటే చౌకగా పోయింది అదే. షాపాయన దాన్ని లెక్కలోకే తీసుకోలేదు, నేనూ తీసుకోలేదు. పైగా అది నాది కాదు. మిషను కొన్నది ఆయన, బిళ్ళలు తెచ్చింది ఆయన, గ్యారేజీ ఆయనది. "మన" అన్నదాన్ని "నా" అనుకుని అమ్మాను. అందుచేత ఏదైనా అమ్మబోయే మిత్రులకు రెండే ప్రశ్నలు: ఇది తిరిగి దొరికేదేనా? ఇది నా ఒక్కడిదేనా? రెండింటికీ అవునని జవాబు వస్తే నిశ్చింతగా అమ్ముకోండి, బేరం మాత్రం ఆడండి.

2025 సంక్రాంతికి మిషనూ, గ్రాన్ టురిస్మో 4 బిళ్ళా, కొత్తగా కొన్న మెమరీ కార్డూ పట్టుకుని ఇంటికి వెళ్ళాను. పాత డబ్బా టీవీని అమ్మ అమ్మనివ్వలేదు, అదృష్టం. అన్నయ్య రెండు నిమిషాలు చేతిలో కంట్రోలరు తిప్పి చూశాడు. 10,000 క్రెడిట్లు, ఖాళీ గ్యారేజీ. "మళ్ళీ మొదట్నించీనా?" అన్నాడు. నేనేమీ అనలేదు. సెకండ్ హ్యాండు బళ్ళ జాబితా తెరిచి చాలాసేపు చూసి, ఒకటి కొన్నాడు. ఆ రాత్రి ఒక పందెంలో మూడో స్థానం వచ్చింది. పడుకోబోయే ముందు మిషన్లోంచి కార్డు తీసి, "ఇది మాత్రం నా దగ్గరుంటుంది" అన్నాడు. ఇప్పుడది మా ఇంట్లో ట్రంకు పెట్టెలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన వుంది. ఆ గ్యారేజీ మునుపటిది కాదు. అయితే మునుపటిది కూడా ఒక్క సెకండ్ హ్యాండు బండితోనే మొదలయింది.

చివరిగా మన సంఘానికి ఒక మనవి. సంఘం గదిలో క్యారమ్ బల్ల వుంది, చదరంగం వుంది. ఒక మూల ఇనప బీరువా సగం ఖాళీగా వుంది. ఆ సగంలో పాత ఆటలకు చోటివ్వండి. మనలో చాలామంది ఇళ్ళల్లో అటకల మీద బిళ్ళలు, కార్ట్రిడ్జీలు, మూలబడ్డ మిషన్లు వుంటాయి. అమ్మితే సంచి మొత్తానికి వచ్చేది ఎంతో నేను చెప్పాను కదా. అవి ఇక్కడ పెడితే గ్రంథాలయంలో పుస్తకంలా వారానికొకరు తీసుకుని ఆడి తిరిగి ఇవ్వవచ్చు. ఏ ఆట, ఏ ఏడు, ఎవరిచ్చారన్నది ఒక రిజిస్టరులో రాసి వుంచాలి. ఎలక్ట్రానిక్స్ చదివే మిత్రులు మిషన్ల మరమ్మత్తు చూసుకోగలరు. పెద్ద ఖర్చేమీ లేదు.

మొదటి బిళ్ళ నేనిస్తాను. రెండుసార్లు కొన్నానన్నానే, అదే. పెట్టె కొంచెం కొత్తగా వున్నదే ఇస్తాను.